మొదటి ప్రిఫరెన్స్

శ్రావ్యకి ర్యాంకు వచ్చే రోజున మా ఆయన ఆఫీసుకి సెలవు పెట్టారు. ఇక్కడ డిసెంబరంటే నడి ఎండాకాలం. పొద్దున్నే ఎండ మా కెల్లీవిల్ ఇళ్ళ కప్పుల మీద చిటపటలాడుతోంది. పెరటి వెనకాల యూకలిప్టస్ చెట్ల మీద కీచురాళ్ళు చెవులు గింగురుమనేలా అరుస్తున్నాయి. ఈ దేశంలో పన్నెండో తరగతి పిల్లల బతుకు ఒక అంకెలో తేలుతుంది. దాన్ని ఏటార్ అంటారు. వందకి ఎంత దగ్గరైతే ఇంటిల్లిపాదీ అంత తలెత్తుకుని తిరుగుతారు.

"తొంభై నాలుగు పైన," అంది శ్రావ్య, ఫోను బల్ల మీద పెట్టి.

మా ఆయన లేచి వెళ్ళి దాని నెత్తి మీద ముద్దు పెట్టారు. మా ఇంట్లో ఒకరినొకరు ముట్టుకుని చాలా నెలలైంది. నేను పాయసం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"లా వస్తుంది, ఫిజియో వస్తుంది. మొదటి ప్రిఫరెన్స్ ఏం పెట్టావు తల్లీ?"

"క్రిమినాలజీ అండ్ క్రిమినల్ జస్టిస్."

శ్రావ్య ఇక్కడే పుట్టింది. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది. అది అన్న మాటలన్నీ నాకు తెలుగులోనే గుర్తున్నాయి కాబట్టి అలాగే చెబుతున్నాను.

"లా తో కలిపి కదా?"

"కాదు నాన్నా. అదొక్కటే."

"పోలీసుల్లో చేరతావా ఏంటి?"

"లేదు. కోర్టులు, జైళ్ళు. వాటి చుట్టూ ఉండే మనుషులతో పని."

జైలు అన్న మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళం కాదు. మా ఆయన ముఖంలో ఉన్న వెలుగు అలా ఆరిపోయింది. కుర్చీలో కూర్చుని ఫోనులో ఆ కోర్సు వివరాలు వెతికారు. ఆయన ప్రాజెక్టు మేనేజరు. ఏ విషయాన్నైనా ముందు షరతులేమిటో చూసి గాని ముట్టుకోరు.

"దీనికి డెబ్బై చాలట. ఇంగ్లీషు తప్పితే ఇంకేమీ చదివుండక్కర్లేదట, లెక్కలు కూడా. తొంభై నాలుగు తెచ్చుకుని డెబ్బై కోర్సులో చేరతావా?"

"అది గుమ్మం ఎత్తు నాన్నా. లోపల ఇల్లెంతుందో దాన్ని బట్టి తెలీదు."

"లోపల కూడా చూశాను. జనరల్ ఎడ్యుకేషన్ అట, ఫ్యాకల్టీ బయట సబ్జెక్టులు తప్పనిసరట. ఖగోళశాస్త్రం, సంగీతం, సముద్రాలు! జైళ్ళ చదువులో నక్షత్రాల పాఠం దేనికి? పిల్లల్ని కూర్చోబెట్టి కాలక్షేపం చేయిస్తారా?"

శ్రావ్య బల్ల మీది ఫోను తీసుకుని లేచింది.

"డిసెంబరు రౌండులో సీటు వచ్చినా, జనవరి రౌండుకి ప్రిఫరెన్సులు మార్చుకోవచ్చు. మార్చు."

"మార్చను నాన్నా."

అది మేడ మీదికి వెళ్ళిపోయింది. పైన దాని గదికి ఎదురుగా ఇంకో గది ఉంది. మా అబ్బాయి జయంత్ గది. దాని తలుపు వేసే ఉండేది.

జయంత్ అప్పటికి ఎనిమిది నెలలుగా జైల్లో ఉన్నాడు. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఉండగా, ఒక చలికాలపు తెల్లవారుజామున స్నేహితుడి ఇంటి నుంచి కారులో వస్తూ ఫోను చూసుకున్నాడు. తల ఎత్తేసరికి జీబ్రా గీతల మీద ఒక పెద్దాయన ఉన్నాడు. పేరు వెల్లా. ఎప్పుడో మాల్టా నుంచి వచ్చి ఇక్కడ కూరగాయలు పండించి బతికినాయన. జయంత్ పారిపోలేదు. అంబులెన్సుని పిలిచి, వాళ్ళు వచ్చేదాకా రోడ్డు మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాడు. పెద్దాయన బతకలేదు. కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. జడ్జి ఇవన్నీ చూశానని చెప్పి, మూడేళ్ళు వేశారు.

తీర్పు రోజు మా ఆయన కోర్టులో నిటారుగా కూర్చున్నారు. మర్నాడు ఎవరో అడిగితే, జయంత్ మెల్‌బోర్న్‌లో కాలేజీకి మారిపోయాడని చెప్పారు. ఆ తరవాత ఒక్కసారి కూడా వాణ్ణి చూడ్డానికి రాలేదు. శనివారాలు నేనే వెళ్ళేదాన్ని. నేను తిరిగొచ్చేసరికి ఆయన టీవీ పెట్టుకుని ఉండేవారు. నేను లోపలికి వస్తుంటే సౌండు పెంచేవారు.

క్రిస్మస్ మర్నాడు టూంగాబీలో బాలమురళి వాళ్ళింట్లో బార్బెక్యూ పెట్టుకున్నారు. బాలమురళిది కరీంనగర్. మా ఆయనతో చాలా ఏళ్ళు ఒకే ఆఫీసులో పనిచేశాడు. ఆయన భార్య ఆండాళ్‌ది పెద్ద గొంతు, పెద్ద చెయ్యి. ఆ ఇంటికి వెళ్తే మూడు రోజులకి సరిపడా కట్టి పంపేది.

"జయంత్ ఎట్లున్నడు వదినా? పండుగ సెలవులకి గూడ రాలేదా?" అంది ఆండాళ్ నా చేతికి ప్లేటు ఇస్తూ.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన వెనకనుంచి అందుకున్నారు. "ప్రాజెక్టు పని ఉందట. పైగా పార్ట్ టైమ్ ఉద్యోగం ఒకటి. ఆ రూమ్మేట్ కూడా ఊరెళ్ళలేదట, ఇద్దరూ కలిసి వండుకుంటున్నారు."

మెల్‌బోర్న్ జయంత్‌కి నెలనెలా ఏదో ఒకటి అమరేది. మొదట కాలేజీ ఒక్కటే ఉండేది. తరవాత స్టేషను దగ్గర అద్దె ఇల్లు వచ్చింది. తరవాత ఉద్యోగం. ఆపైన పరాఠాలు బాగా చేసే పంజాబీ రూమ్మేట్. మా ఆయన చెబుతుంటే వింటూ, ఒక్కోసారి నాకే ఆ అబ్బాయిని ఒకసారి చూసి రావాలనిపించేది.

ఆడవాళ్ళందరూ శ్రావ్య చుట్టూ చేరి ర్యాంకు అడిగారు, మెచ్చుకున్నారు, ఏం చదువుతావన్నారు. అది చెప్పింది.

"అంటే డిటెక్టివా?" అని ఎవరో నవ్వారు.

"కాదు ఆంటీ. కోర్టుకి వచ్చేవాళ్ళతో, జైలు నుంచి బయటికొచ్చేవాళ్ళతో పనిచేసే చదువు."

బాలమురళి పొయ్యి మీద అప్పుడే తిప్పిన మొక్కజొన్న పొత్తుల్ని మళ్ళీ తిప్పాడు.

"మంచిదే బిడ్డా," అంది ఆండాళ్ కాసేపటికి. "ఎవరో ఒకరు చెయ్యాలె గద ఆ పని."

శ్రావ్య వాళ్ళ నాన్న వైపు చూసింది. జయంత్ సంగతి చెప్పేస్తుందనే అనుకున్నాను. ఆయనా అదే అనుకున్నట్టున్నారు. "ఇంకా ఏమీ ఖాయం కాలేదు. జనవరిలో మారుస్తుంది," అని నవ్వి, ఎవరూ అడక్కుండానే క్రికెట్ స్కోరు చెప్పారు.

ఇంటికి వస్తుంటే కారు వెనకసీట్లోంచి శ్రావ్య అడిగింది.

"నాన్నా, అన్నయ్య రూమ్మేట్ పేరేంటి?"

"హర్మీత్," అన్నారాయన, తడుముకోకుండా.

ఆ జవాబు అంత తేలిగ్గా వచ్చినందుకు ఆయనే బెదిరిపోయారు. రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, ఇల్లు చేరేదాకా రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

ఆ శనివారం శ్రావ్య కూడా నాతో వస్తానంది. పరీక్షల ఏడాది అని అప్పటిదాకా దాన్ని ఎక్కువగా తీసుకెళ్ళలేదు. జైలు కొండల అవతల. వెళ్తుంటే దారి పొడుగునా గడ్డి ఎండిపోయి గోధుమరంగు తిరిగింది. బ్యాగులు, ఫోన్లు లాకర్లో పెట్టి, తనిఖీ కుక్క వాసన చూశాక, నేలకి బిగించిన బల్ల దగ్గర కూర్చున్నాం. జయంత్ వచ్చాడు. వాళ్ళకి ములాఖత్‌కి తెల్లటి ఓవరాల్ వేస్తారు, జిప్పు వీపు వైపు ఉంటుంది. ఎవరో ఒకరు వెనక నిలబడి వెయ్యాలి. చిన్నప్పుడు స్కూలుకి తయారుచేస్తూ నేను వేసినట్టే.

"కంగ్రాట్స్ బుడ్డీ," అన్నాడు చెల్లెల్ని చూసి. చాలా రోజుల తరవాత పళ్ళు కనపడేలా నవ్వాడు. "అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో తెలివంతా నీకే వచ్చింది. ఏం తీసుకుంటున్నావు?"

శ్రావ్య చెప్పింది. వాడి నవ్వు ఆగిపోయింది.

"వద్దు."

"ఎందుకు?"

"నాకోసం నువ్వు నీ చదువు పాడుచేసుకోవద్దు. నేను బయటికొచ్చేస్తాను, అందరం మర్చిపోదాం. నువ్వు జన్మంతా నాలాంటివాళ్ళ మధ్య కూర్చుంటావా? చెప్పమ్మా దానికి."

"నీకోసం కాదు," అంది శ్రావ్య.

నేను దాని చెయ్యి పట్టుకున్నాను. ఆగలేదు.

"తీర్పు రోజు మేం బయట బెంచీ మీద కూర్చున్నాం. మా పక్కన ఒకావిడ ఉంది. ఆవిడెవరో మాకు తెలీదు, మేమెవరో ఆవిడకి తెలీదు. నా నీళ్ళ సీసా ఇస్తే తాగి, థాంక్యూ డార్లింగ్ అంది. ఎప్పుడు పిలుస్తారో, ఏ గదిలోకి వెళ్ళాలో ఆవిడకి చెప్పేవాళ్ళు లేరు. మన లాయరు మన దగ్గరికే వచ్చి మాట్లాడి వెళ్తున్నాడు. లోపలికి వెళ్ళాక ఆవిడ ఒక కాగితం పట్టుకుని లేచి, మా నాన్న పేరు జో వెల్లా అని మొదలుపెట్టింది. మధ్యలో తలెత్తి నన్ను చూసింది. నేనెవరి పక్కన కూర్చున్నానో చూసింది. ఇక చదవలేకపోయింది."

జయంత్ బల్ల మీద పెట్టిన తన చేతుల్నే చూసుకుంటున్నాడు.

"బయటికొచ్చాక ఒక్కతే బస్సు కోసం నిలబడి ఉంది అన్నయ్యా. మేం కారులో వచ్చేశాం. అలాంటివాళ్ళ పక్కన కూర్చునే ఉద్యోగం ఒకటుందని తరవాత తెలిసింది. దానికి ఈ చదువు కావాలి. అంతే."

"ఆవిడ పేరేంటి?" అన్నాడు జయంత్.

"కార్మెన్."

వాడు తలూపాడు. టైము ఇంకా చాలా ఉంది. అయినా లేచి నిలబడి గార్డు వైపు చెయ్యెత్తాడు. "వెళ్ళండమ్మా. ఎండెక్కకముందే ఇంటికెళ్ళండి," అన్నాడు. వెనక్కి తిరిగి వెళ్తుంటే వీపు మీద జిప్పు సగమే వేసి ఉంది.

కారులో నేను తట్టుకోలేకపోయాను. "అక్కడ చెప్పాలా ఆ మాట? వాడికి చెప్పాలా?"

"మరి ఎక్కడ చెప్పాలమ్మా?" అంది శ్రావ్య. "ఇంట్లోనా?"

నేను కారు ఇంటి దారి పట్టించాను.

తరవాతి శనివారం నేనొక్కదాన్నే వెళ్ళాను. అన్ని తలుపులూ దాటి, బల్ల దగ్గర కూర్చుని ఎదురుచూశాను. ఎర్రజుట్టు ఆఫీసరమ్మ వచ్చి నా పక్కన వంగి మెల్లగా చెప్పింది. "ఇవాళ రానంటున్నాడమ్మా." ఒంట్లో బాగాలేదేమోనని అడిగాను. బాగానే ఉన్నాడంది. చుట్టూ బల్లల దగ్గర పిల్లలు తండ్రుల ఒళ్ళో కూర్చుని చిప్స్ తింటున్నారు. లేచి వచ్చేశాను. వాడి దగ్గరనుంచి వచ్చే ఫోన్లు కూడా ఆ వారం నుంచే ఆగిపోయాయి.

ఇంటికొచ్చేసరికి మామూలుగానే టీవీ నడుస్తోంది. నేను సోఫాలో కూర్చున్నాను. మామూలుగా అయితే నేరుగా స్నానానికి వెళ్ళేదాన్ని.

"ఏమైంది?" అన్నారు మా ఆయన. ఆ ఎనిమిది నెలల్లో శనివారం పూట ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

"రాలేదండీ."

"ఎవరు?"

"వాడు. నేనొచ్చానని తెలిసి కూడా బయటికి రానన్నాడు."

ఆయన రిమోటు తీసి టీవీ కట్టేశారు. ఆ తరవాత పెరట్లోకి వెళ్ళి, ఎండలో, అవసరం లేకపోయినా గడ్డి కొయ్యడం మొదలుపెట్టారు.

జనవరిలో యూనివర్సిటీ వాళ్ళు కొత్తగా చేరేవాళ్ళకి సలహాల రోజు పెట్టారు. ముగ్గురం వెళ్ళాం. శ్రావ్యకి అప్పటికే సీటు వచ్చేసింది. అయినా మా ఆయన ఆశ వదలలేదు, ప్రిఫరెన్సులు మార్చుకునే గడువు ఇంకా ఉంది. పెద్ద హాలులో ఒక్కో కోర్సుకి ఒక్కో బల్ల. డాక్టర్ల బల్ల దగ్గరా కంప్యూటర్ల బల్ల దగ్గరా మనవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. క్రిమినల్ జస్టిస్ బల్ల దగ్గర జనం పలచగా ఉన్నారు. అక్కడ నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక లెక్చరరు కూర్చుని ఉంది.

మా ఆయన ఒక్కోటీ అడుగుతూ వచ్చారు. ఇంగ్లీషు తప్ప ముందు చదవాల్సినవేమీ లేవా? లేవందావిడ. కాని మొదటి ఏడాదిలోనే అకడమిక్ రైటింగు, స్టాటిస్టిక్సు, ఈ దేశపు ఆదివాసులకీ చట్టానికీ మధ్య జరిగిన చరిత్ర అందరూ చదవాలి. లెక్కలంటే భయపడి ఇక్కడికొచ్చినవాళ్ళు స్టాటిస్టిక్సు చూసి బెంబేలెత్తుతారని నవ్వింది.

"మరి జనరల్ ఎడ్యుకేషన్ పేరుతో నక్షత్రాలూ సంగీతమూ ఎందుకు?"

"మా పిల్లలు రేపు మనుషుల జీవితాల మీద రిపోర్టులు రాస్తారు," అందావిడ. "నేరం ఒక్కటే చదువుకున్నవాళ్ళ చేతికి మనుషుల్ని అప్పగించాలంటే నాకు భయం."

మా ఆయన తలూపారు. ఆ జవాబు ఆయనకి నచ్చిందని నాకు తెలిసింది, నచ్చినందుకు ఆయనకి కోపం వచ్చిందని కూడా తెలిసింది. గొంతు సవరించుకున్నారు.

"మూడో ఏడాది శిక్షణ ప్లేస్‌మెంటుకి, పాత కేసులేమైనా ఉన్నాయేమోనని పోలీస్ చెక్ కావాలని ఉంది."

"అవును. జైళ్ళకీ కోర్టులకీ పంపిస్తాం కాబట్టి."

"అది అమ్మాయి ఒక్కదానికేనా? కుటుంబంలో వాళ్ళది కూడా చూస్తారా?"

"అమ్మాయిది మాత్రమే."

ఆయన కాసేపు బల్ల చెక్క వైపు చూశారు. తరవాత, మీటింగులో మాట్లాడే గొంతుతోనే అన్నారు. "వాళ్ళన్నయ్య జైల్లో ఉన్నాడు. నా కొడుకు. దానివల్ల ఈమెకి అడ్డమేమైనా ఉందా?"

అడ్డం ఉందంటే ఆ కోర్సు తప్పుతుందని అడిగారో, ఇంకెక్కడా చెప్పుకోలేక అడిగారో నాకిప్పటికీ తెలియదు. శ్రావ్య చటుక్కున నా మోచెయ్యి పట్టుకుంది.

ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. "ఏ అడ్డమూ లేదు. ఆయన ఉన్నచోటికి మాత్రం పంపం, ముందే మాకొక మాట చెబితే చాలు. అలాంటి ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలు మాకు కొత్త కాదు," అంది. ఒక్క క్షణం ఆగి, "మీకు కష్టంగా ఉండుంటుంది, సర్," అంది.

"థాంక్యూ," అన్నారు మా ఆయన. వెనక్కి తిరిగేసరికి అక్కడ బాలమురళి ఉన్నాడు. కూతుర్ని కంప్యూటర్ల బల్ల దగ్గర వదిలి, మమ్మల్ని చూసి పలకరించడానికి వచ్చినట్టున్నాడు. చేతిలో మూడు నీళ్ళ సీసాలు ఉన్నాయి, మా ముగ్గురికీ.

బాలమురళే ముందుకొచ్చాడు.

"మాకు ఎర్కనే అన్నా," అన్నాడు తగ్గు గొంతుతో. "శిక్ష పడ్డప్పటి సంది ఎరుకే. పేపర్ల వచ్చింది గద."

"అందరికీనా?"

"అందరికీ అన్నా. మీరే చెప్పేదాంక మనం అడగొద్దని ఆండాళ్ అందరికీ చెప్పి పెట్టింది. మీరు మెల్‌బోర్న్ అంటే మేము గూడ మెల్‌బోర్నే అన్నం. తప్పుగా అనుకోకు."

మా ఆయన ఒక సీసా తీసుకున్నారు. మూత తియ్యబోతే చేతికి రాలేదు. శ్రావ్య తీసి ఇచ్చింది. హాలు బయట మెట్ల మీద కూర్చుని ఆ నీళ్ళన్నీ తాగారు. అద్దె ఇల్లు, ఉద్యోగం, పరాఠాలు... ఆయన చెప్పిన ప్రతి ముక్కా అబద్ధమని తెలిసే వాళ్ళందరూ అంత శ్రద్ధగా విన్నారు. ఆయన ముఖం వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

ప్రిఫరెన్సుల గడువు ఆ వారంలోనే దాటిపోయింది. ఆయన ఆ ఊసెత్తలేదు.

తరవాతి శనివారం పొద్దున్నే ఆయన షేవింగు చేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కిందికి దిగారు. జైలు సందర్శకుల జాబితాలో తన పేరు ఎప్పుడు రాయించుకున్నారో కూడా నాకు చెప్పలేదు.

"నేనూ వస్తానండీ."

"వద్దు లీలా. ఈసారి నేను కూర్చుంటాను."

ఆ రోజు జయంత్ రాలేదు. ఆయన మాత్రం టైము అయిపోయేదాకా ఆ బల్ల దగ్గరే కూర్చుని వచ్చారు. ఆ తరవాతి వారం కూడా అంతే. జనవరి అంతా అలాగే గడిచింది. బయట ఎండలు మండిపోతున్నాయి, కొండల వైపు ఎక్కడో అడవి అంటుకుని ఆకాశం బూడిదరంగు తిరిగింది. శనివారం వచ్చేసరికి ఆయన షేవింగు చేసుకుని వెళ్ళేవారు, వచ్చి అన్నం తినకుండా పడుకునేవారు. ఒకరోజు శ్రావ్య, "నా వల్లే కదమ్మా," అంది. కాదని నేను వెంటనే అనలేకపోయాను. కాసేపటికి అన్నాను గాని, అది అప్పటికే వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి మొదట్లో ఒక శనివారం ఆయన కారు లోపలికి వచ్చిన చప్పుడైంది, మనిషి మాత్రం లోపలికి రాలేదు. గరాజులోకి వెళ్ళి చూశాను. ఇంజను ఆపేసి కారులోనే కూర్చుని ఉన్నారు. నేను వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాను.

"వచ్చాడు," అన్నారు.

"ఎలా ఉన్నాడు? ఏం మాట్లాడాడు?"

"చిక్కిపోయాడు. నా షుగరు ఎలా ఉందని అడిగాడు. క్రికెట్ గురించి మాట్లాడుకున్నాం." స్టీరింగ్ మీద చెయ్యి ఆన్చారు. "నాన్నా, నేను మెల్‌బోర్న్‌లో ఉన్నానని చెబుతున్నారట కదా అన్నాడు. చెప్పానన్నాను. అక్కడ నేనేం చేస్తున్నాను అని అడిగాడు."

"మీరేం చెప్పారు?"

"అంతా చెప్పాను లీలా. కాలేజీ, ఇల్లు, ఉద్యోగం, హర్మీత్, అన్నీ. అడ్డు రాకుండా విన్నాడు. మొత్తం విని, బాగున్నాడు నాన్నా వాడు, అన్నాడు."

ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఇరవై అయిదేళ్ళ కాపురంలో ఆయన ఏడవడం నేను చూడలేదు. ఎలా ఓదార్చాలో తెలియక, సీటు బెల్టు కూడా విప్పుకోని ఆయన భుజం మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాను.

"నిన్ను వచ్చేవారం రమ్మన్నాడు," అన్నారు చివరికి. "శ్రావ్యని మాత్రం ఇప్పుడే వద్దన్నాడు. కోపం కాదట. దాని ముఖం చూస్తే ఆ కార్మెన్ గుర్తొస్తుందట."

ఆ మాట శ్రావ్యకి నేనే చెప్పాను. విని, సరేనంది. గదిలోకి వెళ్ళి క్లాసులకి కావలసిన పుస్తకాలు సర్దుకుంది.

నెల మధ్యలో యూనివర్సిటీ తెరిచారు. మొదటి వారం అది రోజూ సాయంత్రం ట్రైను దిగి, ఎండకి కమిలిపోయిన ముఖంతో వచ్చేది. ఏ కబురూ చెప్పేది కాదు. శుక్రవారంనాడు ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. దానికిష్టమని దోసకాయ పప్పు చేశాను.

"క్లాసులెలా ఉన్నాయే?" అన్నాను.

"ఇవాళ ట్యుటోరియల్‌లో ఒక్కొక్కరినీ లేపి అడిగారమ్మా, ఈ కోర్సు ఎందుకు తీసుకున్నారని." అన్నంలో పప్పు కలుపుతోంది, ముద్ద మాత్రం ఎత్తడం లేదు. "ఒకమ్మాయి, చిన్నప్పుడు తను అనాథల హోముల్లో పెరిగానని చెప్పింది. ఒకబ్బాయి వాళ్ళ తాత జైల్లోనే పోయాడన్నాడు. అందరి ముందూ చెప్పేశారు."

"నువ్వేం చెప్పావు?"

"టీవీలో క్రైమ్ షోలు ఇష్టమని చెప్పాను. అందరూ నవ్వారు." దాని చెయ్యి ఆగిపోయింది. "చెబుదామనే లేచానమ్మా. అన్నయ్య గురించీ, కార్మెన్ గురించీ. నేనే కదా ఆ రోజు కారులో నాన్నని రూమ్మేట్ పేరడిగి పొడిచాను. లేచి నిలబడితే నోరు పెగల్లేదు."

మా ఆయన తన కుర్చీ దాని పక్కకి జరుపుకున్నారు.

"పర్లేదు తల్లీ," అన్నారు. "నాకు ఏడాది పట్టింది."

శ్రావ్య తల వాళ్ళ నాన్న భుజానికి ఆన్చింది. ర్యాంకు వచ్చిన రోజునుంచి ఒక్క చుక్క కన్నీరు పెట్టని పిల్ల, పప్పు చెయ్యి అలాగే గాల్లో పట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.